బెంగళూరుకు పోయిన బావినీళ్ళు

బాగేపల్లి
1943 ఫిబ్రవరి

అక్కా,

నేను బాగుండాను. ఊరే బాగలేదు.

హెల్త్ ఇన్స్పెక్టరు ఉద్యోగమంటే టోపీ పెట్టుకొని, సంతలో ఈగలు వాలిన మిఠాయి పారబోయించడమేనని నువ్వు నవ్వినావు గదా. అంతకంటే పెద్ద పని తగులుకునింది. పేట వీధిలో విషమజ్వరం పుట్టుండాది. డాక్టరుగారు దాన్ని టైఫాయిడ్ అంటారు. ఇద్దరు పిల్లలు అప్పుడే పోయినారు. జ్వరమొచ్చిన ఇండ్లన్నీ పేట బావి నీళ్ళే తాగతాయి.

ఆ బావి ఇక్కడి సాహుకారు రామచంద్రప్ప తాత తవ్వించింది. పంచాయతీ అధ్యక్షుడు రామచంద్రప్పే. బావి పక్కన సోడా ఫ్యాక్టరీ ఆయనదే, చిక్కబళ్ళాపురం పోయే బస్సు ఆయనదే. ఊర్లో ఆయనది కానిది నా ఉద్యోగం ఒకటే. అది గూడా ఎన్నాళ్ళో చూడాల.

నీళ్ళలో క్రిములుండాయా లేవా అని తేల్చేది బెంగళూరు ల్యాబొరేటరీ. వాళ్ళు ఒక కొయ్యపెట్టె పంపినారు. లోపల గాజుసీసాలు, ఆవిరిలో ఉడికించి, మూతికి కాగితం చుట్టి దారం కట్టినవి. సీసాను కడగరాదు. మూతిని వేలితో తాకరాదు. బిరడాను కింద పెట్టరాదు. సీసాకు బరువు కట్టి బావిలోకి దించి, నిండా నిండకముందే పైకి లాగి, బిరడా బిగించి, చుట్టూ ఐసు పెట్టి, మరుసటి దినానికంతా బెంగళూరు చేర్చాల. నీళ్ళు వేడెక్కితే క్రిములు దారిలోనే పిల్లాపాపలతో పెరిగిపోతాయి, లెక్క తప్పిపోతుంది.

నేనిదంతా చేస్తాంటే బావి చుట్టూ తిరునాళ్ళంత జనం. ఒక ముసలాయన సర్కారు సీసాకు కుంకుమ పెట్టబోయినాడు. రామచంద్రప్ప అరుగుమీద కూర్చొని, "ఏమప్పా ఇన్స్పెక్టరూ, మా తాత బావికి బెంగళూరోళ్ళు మార్కులేస్తారా?" అన్నాడు. "నీళ్ళకే లెండి, తాతగారికి కాదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఐసు డాక్టరుగారు తెప్పించి ఇచ్చినారు. చిక్కబళ్ళాపురంలో రైలెక్కించమని పెట్టెను బస్సులో వేసినాను. పెట్రోలు కరువులో బస్సులన్నీ బొగ్గుమీదనే గదా నడిచేది, వెనకాల పొయ్యి మండుతాంటుంది. డ్రైవరు బయ్యప్ప నా పెట్టెను ఆ పొయ్యికే ఆనించి కట్టినాడంట. "అక్కడైతే ఎవురూ ముట్టుకోరు గదా సామీ, పదిలంగా ఉంటుందని" అంటాండాడు.

బెంగళూరు నుంచి జవాబొచ్చింది: "నీళ్ళు వేడిగా చేరినవి. పరీక్షకు పనికిరావు."

జలజకు నా ముద్దులు. బావగారికి నమస్కారాలు.

శ్యామసుందర


చింతామణి
మార్చి

శ్యామూ,

నీ జాబు జలజకు చదివి వినిపించినాను. "మామ నీళ్ళు కాచి పంపినాడా అమ్మా?" అని అడుగుతాండాది. ఏడేండ్ల పిల్లకు గూడా అర్థమైంది, మీ బయ్యప్పకు కాలేదు. మా అత్తగారికైతే ఇంకొక అనుమానం. బావిలో పురుగులుంటే గుడ్డలో వడగట్టుకోక బెంగళూరుకు ఏమిటికి పంపేదని.

నీళ్ళను బెంగళూరుకు బస్సెక్కించే మారాజువి నువ్వొక్కడివే. నన్ను చూడు. ఈ ఊరికి కాపురానికొచ్చి ఇన్నేండ్లాయ, ఇంటి ముందర రైలు కూత వినడమే గాని బెంగళూరు ఏ పక్కనుండాదో తెలీదు. నేనూ ఒక గాజుసీసా అయ్యుంటే బాగుండు.

ఇంకొక మాట. రాయమన్నారు, రాస్తాండాను. మీ సాహుకారు రామచంద్రప్ప మీ బావకు పెద్ద క్లయింటంట. చాకవేలు దగ్గర భూముల వ్యాజ్యం ఈయన చేతిలోనే ఉండాదంట. నిన్న మీ బావ చారన్నం కలుపుకుంటా, "శ్యాముడికి దూకుడెక్కువ" అన్నారు. కూరలో చెయ్యి పెట్టినప్పుడు, "నీళ్ళన్నీ ఒకటే గదా" అన్నారు. మజ్జిగ దాకా వచ్చినాక, "నీ మాటైతే వింటాడు" అన్నారు. వకీళ్ళు కంచం ముందర గూడా వాదన మెట్టు మెట్టుగా కట్టుకుంటా వస్తారు.

చెప్పమన్నది చెప్పినాను. విన్నానని ఒక ముక్క రాయి, ఆయనకు చూపిస్తాను. వినేది మానేది నీ ఇష్టం.

అంబుజాక్షి


బాగేపల్లి
ఏప్రిల్

అక్కా,

బావగారి మాట విన్నాను. (ఈ వాక్యం వరకూ ఆయనకు చూపించు.)

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. రామచంద్రప్ప మారిపోయినాడు. "ఏమప్పా, మీ పెట్టెను మా పొయ్యి ఉడకబెట్టింది గదా, ఆ పాపం నాదే. ఈసారి నేనే తీసుకుపోతాను" అన్నాడు. సోడా ఫ్యాక్టరీ కోసం ఆయన బెంగళూరు నుంచి ఐసు తెప్పించుకుంటాడు, రంపంపొట్టులో పూడ్చి పెట్టుకుంటాడు. అందులోనుంచి పెద్ద గడ్డ పగలగొట్టించి ఇచ్చినాడు. సీసా నా చేతుల్తో నింపినాను. ఆయన పెట్టెను బస్సులో పక్కన పెట్టుకొని, తానే బెంగళూరుకు పోయి ఇచ్చి వచ్చినాడు.

ఫలితం వచ్చింది. క్రిమి అనేదే లేదు! ఇంత శుభ్రమైన బావినీళ్ళు చూడలేదని ల్యాబొరేటరీ వాళ్ళు ప్రత్యేకంగా ఒక వాక్యం రాసినారు.

ఆ వాక్యాన్ని రామచంద్రప్ప పెద్దక్షరాలతో రాయించి ఫ్యాక్టరీ వాకిట్లో కట్టించినాడు. సోడా పెట్టెలమీద "సర్కారు పరీక్ష చేసినది" అని అచ్చేయించినాడు. సంతలో నన్ను చూస్తే చాలు, దండం పెడతాండాడు. జనమూ అంతే. ఇన్నాళ్ళు నీళ్ళు కాచుకోండని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పినాను గదా, ఇప్పుడు "కట్టెలు దండగ చేయించినాడు ఈ ఇన్స్పెక్టరు" అని నవ్వుతాండారు.

నవ్వనీలే. నాకొక్కటే అర్థం కావడంలేదు. నీళ్ళలో ఏమీ లేకుంటే జ్వరం ఏమిటికి తగ్గలేదు?

శ్యామసుందర


చింతామణి
మే

శ్యామూ,

నీ కీర్తి మా ఇంటిదాకా వచ్చింది, పెట్టెలో సర్దుకొని. మీ సాహుకారు వకీలుగారికి సోడాలు పంపించినాడు. మీ బావ వచ్చినవాళ్ళకంతా గోలీ నొక్కి చేతికిచ్చి, "మా బామ్మర్ది పరీక్ష చేసిన నీళ్ళు ఇవి" అంటాండారు. పెండ్లైనప్పటినుంచీ నిన్ను బామ్మర్ది అని ఆయన నోరారా అనడం ఇదే మొదలు. సోడా తాగితేగాని చుట్టరికం గుర్తుకు రాలేదు.

జలజకు గోలీ లోపల పడే చప్పుడంటే ఇష్టం. ఎండకు తట్టుకోలేక దినమూ ఒకటి తాగతాండాది. మా అత్తగారు మడి అని ముట్టుకోదు. నేనూ తాగలేదు, త్రేన్పులొస్తే నలుగురిలో బాగుండదని.

నీ అనుమానం మీ బావకు చదివి చెప్పినాను. నవ్వినారు. ఎందుకో ఎక్కువసేపే నవ్వినారు.

అంబుజాక్షి


బాగేపల్లి
మే

అక్కా,

ఈ జాబు చూస్తానే ఆ సోడాలు పారబోయి. జలజను తాగనీయొద్దు.

నిన్న బస్సు చెడిపోయి స్టాండులో నిలిచుంటే, బయ్యప్ప దాని నీడన కూర్చొని నాతో మాట కలిపినాడు. సాహుకారును పొగుడుతాండాడు.

"మా సాహుకారుకు ఉండే మర్యాద ఎవురికుంది సామీ? బెంగళూరు దొరలకు పచ్చినీళ్ళు పంపడమేంది, అవమానం గదా అన్నాడు. చిక్కబళ్ళాపురంలో ఆయన వియ్యంకులింట్లో దిగి, మీ సీసాలో ఉండేది పారబోసి, మరిగే నీళ్ళతో కడిగించి, కాచి వడగట్టి చల్లార్చిన నీళ్ళు పోయించినాడు. మళ్ళా మీరు కట్టినట్లే కాగితం చుట్టి దారం కట్టినారు. ఇంటికొచ్చిన చుట్టానికైనా అంత శ్రద్ధగా ఇవ్వరు."

వాడికి అందులో తప్పేమీ కనపడలేదు. సాహుకారు గొప్పతనం నాకు తెలియాలని చెప్పినాడు.

తాలూకా అధికారి అమల్దారు దగ్గరికి పరిగెత్తినాను. "రిజల్టు మంచిగా వచ్చినప్పుడు మళ్ళా ఎందుకయ్యా కెలుకుతావు? డ్రైవరు మాటకు సాక్ష్యం ఏముంది?" అన్నాడు. నేనే సీసా తీసుకొని పోతాను, సెలవు ఇప్పించండి అన్నాను. జ్వరాలున్న ఊరు విడిచి ఇన్స్పెక్టరు పోరాదన్నాడు. జ్వరాలుండాయని అప్పుడు మాత్రం ఒప్పుకున్నాడు.

ఇంకొకటి రాయాల. పేటలో పూలమ్మే పుట్టమ్మ అని ఒకామె. మొగుడు లేడు, ఒకడే కొడుకు. నా మాట నమ్మి ఒక్క దినమూ తప్పకుండా నీళ్ళు కాచి తాగిస్తాండిన ఇల్లు అదొకటే. ఫలితం మంచిగా వచ్చిందని తెలిసినాక కాచడం మానేసింది. ఆ పిల్లోడు మొన్న పోయినాడు. నేను చూడబోతే, కూర్చోమని పీట వేసింది.

శ్యామసుందర


చింతామణి
మే

శ్యామూ,

నీ జాబు వచ్చేటప్పటికే జలజకు జ్వరం. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. మందు లేదంట. బార్లీ నీళ్ళు, నెత్తిన తడిగుడ్డ, మన అదృష్టం, అంతే.

మీ బావకు నీ జాబు చదివి వినిపించినాను. ఆయన ముఖం చూసి నాకు తెలిసిపోయింది. సాహుకారు ఆ సంగతి ముందే ఆయనతో చెప్పుకొని నవ్వినాడంట. ఈయనా నవ్వినాడంట. ఆ సోడాపెట్టె ఇంట్లోకి తెచ్చిన దినానికే తెలుసంట. "క్రిములూ గిములూ అంటే అంతా మీవాడి నాటకం అనుకున్నాను" అన్నాడు.

బిడ్డ మంచం దగ్గరనుంచి లేవడంలేదు ఆయన. నేను మాట్లాడడంలేదు.

అంబుజాక్షి


చింతామణి
జూన్

శ్యామూ,

జ్వరం దిగింది. జుట్టంతా రాలిపోతాంటే గుండు చేయించినాము. ఆకలి ఆకలి అని ఏడుస్తాండాది. ఆ ఏడుపు వినడానికి బాగుండాది. డాక్టరు గంజి తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు, పేగులు ఇంకా మెత్తగా ఉండాయంట. మా అత్తగారు మంచం కాళ్ళ దగ్గర కూర్చొని కాపలా కాస్తాండాది.

నీ పెట్టెలో వాడని సీసాలు ఉండాయని అనుకుంటాను. ఎక్కువ రాయను. నేను బాగేపల్లి వస్తాండాను. మీ బావతో, బిడ్డ బతికితే కొండంత మొక్కు తీర్చుకొస్తానని మొక్కుకున్నాను అన్నాను. ఏ దేవుడికని ఆయన అడగలేదు. ఈమధ్య ఏదీ అడగడంలేదు.

నేను వచ్చిన దినం నువ్వు నాతో బజారులో కనపడొద్దు.

అంబుజాక్షి


చిక్కబళ్ళాపురం, రైల్వే స్టేషను
జూన్

శ్యామూ,

నేను బెంగళూరు చూసి వస్తాండాను. చింతామణి రైలు ఇక్కడ ఇంజనుకు నీళ్ళు పట్టించుకుంటాండాది. దానికి ఏ పరీక్షా అక్కరలేదు. అందాకా నీకు జరిగింది రాస్తాను.

తెల్లవారి నేను దిగిన సత్రానికి నువ్వు సీసా నింపి తెచ్చిచ్చి పోయినాక, దాన్ని మా అత్తగారి వెదురుబుట్టలో పెట్టి, పైన పెద్ద ఇత్తడి చెంబు పెట్టి, నేరుగా మీ రామచంద్రప్ప ఇంటికి పోయినాను. ఆయన లేచి నిలబడినాడు.

"వకీలమ్మగారా! మా ఇంటికి! ఏం కావాలమ్మా?"

"బిడ్డకు జ్వరమప్పా. నెత్తిన పెట్టడానికి ఐసు కావాల. మీ దగ్గర ఉంటుందని మా ఆయన చెప్పినారు" అన్నాను.

జ్వరం దిగిపోయిందని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయన కండ్లలో నిజంగానే నీళ్ళు తిరిగినాయి శ్యామూ, అది దాచను. తన చేత్తో రంపంపొట్టు తోసి గడ్డ పగలగొట్టి, గోనెలో చుట్టి ఇచ్చినాడు. "ఎట్లొచ్చిందమ్మా బిడ్డకు?" అని అడిగినాడు. "మంచి నీళ్ళు తాగి" అన్నాను. పాపం అని తల ఆడించినాడు.

బస్సులో నాకు ముందు సీటు ఇప్పించినాడు. "అమ్మగారి బుట్ట వెనకాల పెట్టొద్దురా, పొయ్యి సెగకు ఐసు కరిగిపోతుంది" అని బయ్యప్పను ఆయనే హెచ్చరించినాడు. చింతామణి బస్సు లేదు గదా, చిక్కబళ్ళాపురం పోయి రైలెక్కుతానన్నాను. అది అబద్ధం కాదు. ఏ పక్కకు పోయే రైలో చెప్పలేదు, అంతే.

దారిపొడుగునా బయ్యప్ప నాతో సాహుకారు మర్యాదను పొగిడినాడు. అదే కథ. నేను ఊ కొడతా, బుట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఐసు చల్లదనానికి కాళ్ళు తిమ్మిరెక్కిపోయినాయి. సీసాను ఐసు మధ్యలో గోనె గుడ్డతో బిగించినాను, కరిగిన నీళ్ళు మూతికి అంటకుండా చెంబులో నిలబెట్టినాను. నువ్వు చెప్పినవన్నీ చేసినాను. బిరడా జోలికి పోలేదు.

ల్యాబొరేటరీలో ఒక గుమాస్తా, "ఇన్స్పెక్టరు యారమ్మా?" అని కన్నడంలో ఎవరని అడిగినాడు. మా తమ్ముడు అన్నాను. "మీరు?" అన్నాడు. నీ కాగితంలో "తెచ్చినవారు: అంబుజాక్షి" అని రాసుండాది గదా, దానిమీద వేలు పెట్టి చూపించినాను. ఆడమనిషి తెచ్చిన సీసా తీసుకోవడానికి రూలుందా లేదా అని వాళ్ళలో వాళ్ళే వాదులాడుకున్నారు. "మీరు తేల్చుకునేలోపల ఐసు కరుగుతుంది నాయనా" అన్నాను. అప్పుడొక డాక్టరు లోపలినుంచి వచ్చి సీసా ముట్టుకొని, "చల్లగా ఉంది" అని తీసుకొని పోయినాడు.

బెంగళూరు పెద్ద ఊరే. ఒక వీధి చూసినాను.

ఇంజను కూస్తాండాది.

అక్క


బాగేపల్లి
జూలై

అక్కా,

ఫలితం వచ్చింది. మనిషి మలంలో ఉండే క్రిములు, లెక్క పెట్టలేనన్ని. ఆ నీళ్ళు తాగడానికి వీలులేదు, సోడాకూ వాడరాదు. డాక్టరుగారూ నేనూ పోయి వెతికినాము. ఫ్యాక్టరీ వెనకాల సాహుకారు దొడ్డిలో పాయఖానా గుంత ఉండాది. అది నిండి, బావి వైపుకే ఊరతాండాది. తాత తవ్వించింది బావి, మనవడు తవ్వించింది గుంత.

బావిమీద పలకలు కొట్టించి సీలు వేసినాము. ఫ్యాక్టరీకి బీగం వేసినాము.

నాకు మెమో వచ్చింది. నీళ్ళు ఎందుకు చెడినాయని కాదు. సర్కారు సీసాను ప్రైవేటు స్త్రీ ద్వారా పంపినందుకు సంజాయిషీ చెప్పమని. "మర్యాదగల పెద్దమనిషి ద్వారా పంపితే నీళ్ళు దారిలో మారిపోయినాయి, అందువల్ల" అని రాసిచ్చినాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

రామచంద్రప్ప దావా వేస్తాడంట. బావగారి దగ్గరికే వస్తాండాడు. జాగ్రత్త.

శ్యామసుందర


చింతామణి
జూలై

శ్యామూ,

వచ్చినాడు. ముందరి గదిలో క్లయింట్ల నడుమ మీ బావ ఎదురుగా కూర్చొని గట్టిగా చెప్పుకుంటాండాడు. నేను తలుపు వెనకాల ఉండాను. ఆడవాళ్ళు ఉండాల్సిన చోటు అదే గదా, అన్నీ బాగా వినపడతాయి.

"ఇన్స్పెక్టరు ఎవుర్తో ఊరూ పేరూ లేనిదానికిచ్చి పంపినాడంట సామీ. అది దారిలో ఏ మురుగు కలిపిందో! దాన్ని పట్టుకొని కోర్టుకీడ్చాల. రాయండి."

మీ బావ కలం తీసినారు. "గుర్తుతెలియని స్త్రీ" అని రాస్తా, పైకి చదివినారు.

నేను తలుపు తీసుకొని బయటికొచ్చినాను. అంతమంది ఎదుట అట్లా రావడం ఇదే మొదలు.

"గుర్తు తెలియకపోవడమేమప్పా? మీరే ముందు సీటు ఇప్పించినారు. మీరే ఐసు పగలగొట్టి ఇచ్చినారు" అన్నాను.

రామచంద్రప్ప నోరు తెరిచినవాడు మూయలేదు. జలజ నా కొంగు పట్టుకొని నిలబడి ఉండాది, గుండుతో. ఆయన దాన్ని చూసినాడు. అప్పుడు తల కిందికేసుకున్నాడు.

మీ బావ కలానికి మూత పెట్టినారు. వ్యాజ్యం కాగితాలూ, చాకవేలు భూమి కాగితాలూ అన్నీ కట్టగట్టి ఆయన ఒళ్ళో పెట్టినారు. "సాక్షి మా ఇంటిమనిషి. ఈ కేసు నేను తీసుకోరాదు, రూలు ఒప్పుకోదు" అన్నారు. మంచిపని చేసేటప్పుడు గూడా రూలు అడ్డం పెట్టుకుంటేగాని మనిషికి ధైర్యం రాలేదు. పోనీ. చేసినారు గదా.

నేను ఆయనతో మాట్లాడినాను. "కాఫీ తాగతారా?" అన్నాను. అంతకంటే ఎక్కువ ఇప్పుడే చేతకాదు.

అంబుజాక్షి


బాగేపల్లి
ఆగస్టు

అక్కా,

నా ఉద్యోగం ఉండాది. సంజాయిషీ చదివిన దొర ఎవరో నవ్వినాడంట, దానివల్ల.

సాహుకారు దావా వేయలేదు. కానీ మొన్న ఉదయం చూస్తే బావిమీద పలకలు లేవు. సీలు ఎవరు పీకినారో ఎవరికీ తెలీదంట. రామచంద్రప్ప అరుగుమీద కూర్చొని, "జనం దప్పికకు నేనేం చేసేది?" అంటాండాడు. పేటలో ఆడవాళ్ళంతా బిందెలు తెచ్చి చేదుకుంటాండారు. అవతలి బావి దూరం, పొలాల గట్లమీద పోవాల. నేను అడ్డం నిలబడితే, "నువ్వు మోసుకొచ్చి పోస్తావా?" అని తిట్టినారు. ఇదివరకు ఒకసారి బాగుంది అన్నావు, ఇప్పుడు బాగలేదంటావు, ఏ మాట నమ్మేదన్నారు.

అప్పుడు పుట్టమ్మ వచ్చింది. పూలబుట్ట నెత్తినుండాది. బుట్ట దించి, నా దగ్గరికొచ్చి అడిగింది:

"అప్పా, ఈ నీళ్ళేనా?"

"అవునమ్మా" అన్నాను.

"మంచిదని కాగితం వచ్చినప్పుడు గూడా ఇట్లనే ఉన్నాయా?"

"అప్పుడూ ఇట్లనే ఉన్నాయమ్మా."

ఆమె బుట్టలోనుంచి, అరటినార కోసే కత్తి తీసింది. చేదుతాండిన ఆమె తాడును గుంజకు చుట్టి పక్కకు జరిగింది. పుట్టమ్మ గిలక దగ్గర తాడు కోసింది. ఇంకో గిలక తాడు గూడా కోసింది. బొక్కెనలు రెండూ దబ్బున లోపల పడినాయి. ఇవతల మిగిలిన తాళ్ళు లాగి, తడితడిగానే చుట్ట చుట్టి, బుట్టలో పూలమీద పెట్టుకునింది.

రామచంద్రప్ప అరుగు దిగి వచ్చినాడు. "ఏమమ్మా, ఆ తాళ్ళు నావి" అన్నాడు.

"అవునప్పా, నీవే. మా ఇంటికొచ్చి అడుగు, ఇస్తాను" అనింది.

బుట్ట నెత్తికెత్తుకొని పూలమ్ముకోవడానికి పోయింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, ఖాళీ బిందెలతో పొలాల గట్లమీదికి మళ్ళినారు.

కొత్త తాళ్ళు అంగట్లో దొరుకుతాయి. ఊర్లో కట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పాత తాళ్ళు అడగడానికి పుట్టమ్మ ఇంటికి గూడా ఇంతవరకూ ఎవరూ పోలేదు.

శ్యామసుందర